గోదావరి మీదికి వెళ్ళే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతి సెలవుల్లో పాపికొండలు చూపించమని అడిగారు, తప్పకుండా వెళదాం. అయితే బోటులో వేసుకోవలసిన లైఫ్ జాకెట్ సంగతి ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే రేవులో అందరూ తోసుకుంటూ ఎక్కే వేళ నా మాట మీ చెవికెక్కదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, 70 మందికి పైగా ఉన్న విహారపు బోటు వరద గోదావరిలో తలకిందులైంది. తూటుగుంట గ్రామస్థులు తమ పడవల్లో ఎదురువెళ్ళి అందినవాళ్ళను ఒడ్డుకు చేర్చారు. మొత్తం మీద బతికినవారు 26 మందే. ఆ బోటులో జాకెట్లు లేకపోలేదు. వేసుకున్నవి విప్పి పక్కన పెట్టినవారు చాలామంది ఉన్నారని బయటపడ్డవారే చెప్పారు.

మనవడా, నీకు ఈత వచ్చని నాకు తెలుసు. కానీ నువ్వు నేర్చుకున్నది కదలని నీళ్ళలో. కొండల మధ్య గోదావరి ఇరుకై సుళ్ళు తిరుగుతుంది. పైగా పడవ తిరగబడినప్పుడు తలకు దెబ్బ తగిలితే చేతులు ఆడవు. నీళ్ళలో మన ఒంటి బరువు చాలావరకు నీరే మోస్తుంది కాబట్టి, తల పైకి నిలవడానికి పెద్దవాళ్ళకు కూడా సుమారు అయిదు కిలోల ఆసరా ఉంటే చాలు. జాకెట్ లోపలి ఫోమ్ ఇచ్చేది ఆ ఆసరానే. పూర్వం ఫోమ్‌కు బదులు బెండు, ఆ తరువాత తెల్లబూరుగు దూది వాడేవారు. 1861లో ఇంగ్లండులోని విట్బీ రేవులో 13 మంది ఉన్న రక్షక పడవ బోల్తాపడితే, కొత్తరకం బెండు జాకెట్ వేసుకున్న హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బతికాడు. దిండ్లలో కూరే బూరుగు దూది ప్రాణాలు కూడా నిలిపిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

జాకెట్ లోపలి చీటీ మీద అది ఎన్ని కిలోల మనిషికో రాసి ఉంటుంది. వయసు చూసి కాదు, ఆ బరువు చూసి తీసుకోవాలి. కొన్నింటి మీద న్యూటన్లలో అంకె కూడా ఉంటుంది. పది న్యూటన్లంటే ఇంచుమించు ఒక కిలో ఆసరా అనుకోండి. 50 అని ఉన్నది ఒడ్డుకు దగ్గరగా ఉండే ఈతగాళ్ళ కోసం. స్పృహ తప్పినవారి ముఖాన్ని అది పైకి తిప్పుతుందని నమ్మడానికి లేదు. మెడ వెనుక పట్టీతో, 100 గాని అంతకు మించి గాని ఉన్నవి ఆ పని చేసేలా తయారవుతాయి.

వేసుకున్నాక జిప్పు పైదాకా లాగి, ప్రతి బకిలూ టక్కుమనే వరకు నొక్కి, నడుము పట్టీ బిగించండి. తరువాత చేతులు పైకెత్తి నిలబడితే నేను భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి లాగి చూస్తాను. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ తేలుతుంది, మనిషి దాని కిందనుంచి జారిపోతాడు. చిట్టితల్లీ, నీలాంటి చిన్నవాళ్ళకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండేది అందుకే. గుచ్చుకుంటోందని దాన్ని విప్పకు.

ఒకసారి ఒక రేవులో నాకిచ్చిన జాకెట్‌ను చేత్తో నొక్కి చూశాను. లోపలి ఫోమ్ ఎండిన రొట్టెలా పెళుసుగా విరిగింది, ఒక బకిల్‌కు బదులు పురికొస ముడి వేసి ఉంది. ఇంకొకటి అడిగితే, “ఏం కాదు సార్, ఎక్కండి” అన్నారు. నేను ఎక్కలేదు. ఆ రోజు నన్ను అతి జాగ్రత్త మనిషినని నవ్వినవాళ్ళున్నారు, నవ్వనిమ్మన్నాను. జాకెట్లను దిండులా తల కింద పెట్టుకున్నా, వాటి మీద కూర్చున్నా ఫోమ్ అణగారిపోతుంది. తడిసినవాటిని మూట కట్టి పడేస్తే కుట్లు పుచ్చిపోతాయి. కనుక చిరుగు, వెలిసిన రంగు, ముక్కవాసన కనిపిస్తే మార్చి ఇమ్మని మర్యాదగానే అడగండి.

చొక్కా మీదే వేసుకోవాలి, లోపల కాదు. బోటు కదలకముందే కట్టుకుని, దిగి రేవులో కాలు పెట్టాక విప్పాలి. ఉక్కగా ఉన్నా, ఫోటో దిగాలన్నా అంతే. జాకెట్లకు ఈలలుంటే అవి ఆటకు ఊదేవి కావు, ఆపదలో సాయానికి పిలిచేందుకు. మనం పై అంతస్తులో, గాలి తగిలేచోట కూర్చుందాం. మూసిన గదిలోకి నీరు చేరితే జాకెట్ మనిషిని పైకప్పుకే అంటించేస్తుంది.

మీ ఇద్దరి బరువులు కిలోల్లో రాసి వెంటనే పంపండి. చిన్నదానికి సరిపోయేది అక్కడ దొరకకపోవచ్చు కనుక, ఒకటి ముందుగానే కొని పెడతాను.

ఇట్లు,
మీ తాతయ్య