రెండు కొసలూ విడిపోని కండె

ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు చామంతి పువ్వేమో అనుకున్నాను. మధ్యలో ఒక చుక్క, చుట్టూ రేకుల్లా సన్నని పోగులు, వాటి చివర్లలో గుండ్రంగా పేర్చినట్టు క్రోమోజోములు. చూడ్డానికి అందంగానే ఉంది కానీ, అది విభజన మధ్యలో ఇరుక్కుపోయిన కణం.

మామూలుగా కణం రెండుగా చీలే ముందు సూక్ష్మనాళికలు అనే ప్రోటీన్ గొట్టాలతో ఒక నిర్మాణం తయారవుతుంది. మన పాఠ్యపుస్తకాలు దీనికి నేత మగ్గం నుంచి కండె అనే మాట తెచ్చుకున్నాయి. భలే కుదిరింది: మధ్యలో లావు, రెండు కొసలా సన్నం. క్రోమోజోములు నడిమిన బారులు తీరతాయి. పువ్వులా మారిన కణంలో ఆ రెండు కొసలే విడిపోలేదు.

దానికి కారణం మొనాస్ట్రాల్ అనే చిన్న రసాయనం. హార్వర్డ్ పరిశోధకులు వేల రసాయనాలను జల్లెడ పట్టి, 1999లో దీన్ని ప్రకటించారు. అది ఆపేసేది ఒకే ఒక్క మోటారు ప్రోటీన్‌ని, ఈజీ5ని. ఈ ప్రోటీన్‌కి ఒక కొసన రెండు, రెండో కొసన రెండు 'పాదాలు' ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు గొట్టాల మీద ఒకేసారి నడుస్తూ వాటిని చెరోవైపుకి నెడుతుంది. అడుగుకి 8 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందం దాటాలంటే పదివేల అడుగులు. కణంలో సరుకులు మోసే కైనెసిన్-1 అనే ఇంకో మోటారు సెకనుకి దాదాపు 100 అడుగులు వేస్తుంది. దాని ముందు ఇది నత్తే. మొనాస్ట్రాల్‌ని కడిగేస్తే మాత్రం ఈజీ5 మళ్ళీ కదులుతుంది, కొసలు విడిపోతాయి, కణం తన పని తాను చేసుకుపోతుంది.

మరి మందు లేని కణంలో ఈజీ5కి ఎప్పుడు పని మొదలుపెట్టాలో ఎవరు చెబుతారు? విభజన వేళ చురుకయ్యే సీడీకే1 అనే ఎంజైమ్. ఈజీ5 తోకలో ఉన్న థ్రియోనిన్ అనే ఒక అమైనో ఆమ్లం మీద అది చిన్న రసాయన ముక్క అయిన ఫాస్ఫేట్‌ని అంటిస్తుంది. 1995లో ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి చూస్తే ప్రోటీన్ కండెని పట్టుకోలేకపోయింది. అంత పెద్ద ప్రోటీన్‌కి అంత చిన్న గుర్తింపు కార్డు!

నాకు ఇంకా తమాషాగా అనిపించేది దీని రెండో వైపు. అదే ఎంజైమ్ అంటించే అదే ఫాస్ఫేట్ ఇంకోచోట తాళంగా పనిచేస్తుంది. క్రోమోజోములు విడిపోయాక, కండె నడిమి భాగాన్ని సర్దడానికి పీఆర్‌సీ1 అనే ప్రోటీన్, కేఐఎఫ్4ఏ అనే మోటారు చేతులు కలపాలి. పీఆర్‌సీ1 మీద ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ అది కుదరదు. సీడీకే1కి తోడుండే సైక్లిన్-బి అనే ప్రోటీన్ నాశనమయ్యాక ఎంజైమ్ చల్లబడుతుంది, ఫాస్ఫేట్లు ఊడతాయి, అప్పుడే ఆ జోడీ పని మొదలవుతుంది. ఒకే ముద్ర ఒకరికి అనుమతి, ఇంకొకరికి నిషేధం.

ఇంత అదుపులోనూ మోటార్ల మధ్య తాడులాట నడుస్తూనే ఉంటుంది. ఈజీ5 కొసల్ని దూరంగా నెడుతుంటే, డైనీన్ అనే మోటారు దగ్గరికి లాగుతుంది. ఈజీ5ని ఆపినప్పుడు డైనీన్‌ని కూడా ఆపేస్తే, చాలా కణాల్లో రెండు కొసల కండె మళ్ళీ ఏర్పడింది!

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ లాంటి కేన్సర్ మందులు నేరుగా సూక్ష్మనాళికలనే దెబ్బతీస్తాయి. నరాల్లో సరుకు రవాణా ఆ గొట్టాల మీదే జరుగుతుంది కాబట్టి రోగికి చేతులూ కాళ్ళూ తిమ్మిర్లెక్కుతాయి. గొట్టాలను వదిలేసి, విభజనలో పనిచేసే ఈజీ5ని మాత్రం ఆపితే సరిపోతుంది కదా అని ఇస్పినెసిబ్ లాంటి మందుల్ని రోగుల మీద పరీక్షించారు. నరాల బాధ పెద్దగా లేదు, కానీ కణితులూ ఆశించినంత లొంగలేదు. ప్రయోగశాలలో చూస్తే ఒక కారణం కనబడింది: ఈజీ5 ఆగినచోట కేఐఎఫ్15 అనే ఇంకో మోటారు వచ్చి, కండె కొసల్ని తాను నెట్టడం మొదలుపెడుతోంది.