సొర వెన్నుపూసలో వలయాలు: లెక్క ఎక్కడ తప్పింది

సొర పుట్టు వండేవాళ్ళకు వెన్నుపూస బిళ్ళలు బాగా తెలుసు. ఉడికిన ముక్క మీద తోలు లాగేసి కండను నలుపుతుంటే, గుండ్రంగా, రెండువైపులా గుంట పడి చేతికి తగులుతాయి. ఏరి పారేస్తారు. సొర వయసు చెప్పడానికి శాస్త్రవేత్తలు నమ్ముకున్నది ఆ బిళ్ళనే. దాన్ని కోసి, లోపలి వలయాలు లెక్కపెట్టి, వెలుగు దూరేదొకటి, దూరనిదొకటి కలిసిన ఒక జతకు ఒక ఏడాది చొప్పున వేసుకున్నారు. చాలా జాతుల్లో వయసులో ఉన్న సొరలకు ఆ లెక్క సరిపోయింది. ముసలివాటి దగ్గరే తప్పింది. కొన్నింటి విషయంలో సగానికి సగం తప్పింది.

మామూలు చేపలకు తలలో చెవి రాళ్ళుంటాయి, వాటి వలయాలను బట్టి వయసు చెప్పొచ్చు. సొరకు అలాంటి గట్టి రాయి లేదు, ఇసుక రేణువుల్లాంటివే ఉంటాయి. ఎముక అసలే లేదు. అస్థిపంజరమంతా మృదులాస్థి. అలాగని అంతా మెత్తనా అంటే కాదు. దవడ మీద, రెక్కల ఆధారాల మీద మిల్లీమీటరుకన్నా చిన్న ఖనిజపు పెంకులు మొజాయిక్ గచ్చులా పరుచుకుని ఉంటాయి. వెన్నుపూస నడిమి భాగంలోనైతే ఖనిజం దట్టంగా పేరుకుంటుంది. అది మన ఎముకల్లో ఉండే రకమే: హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్.

తేడా అంతా ఆ తర్వాత ఉంది. మన ఎముకను శరీరం కరిగిస్తూ, మళ్ళీ కడుతూ ఉంటుంది. సొర వెన్నుపూసలో ఒకసారి పేరుకున్న ఖనిజాన్ని కరిగించి తిరగకట్టే పని దాదాపు జరగదు. కొత్త పొర పాతదాని అంచున చేరుతుంది. కాబట్టి బిళ్ళ నడిబొడ్డున ఉన్నది తల్లి కడుపులో ఉన్నప్పటిది, అంచున ఉన్నది వలలో పడిన నాటిది. రసాయన పరీక్షలన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడ్డాయి.

వలయాలు చదివే పద్ధతి చెప్పడానికి తేలిక. మొదటి వీపు రెక్క కింది పూసలు పెద్దవి, సాధారణంగా వాటినే తీస్తారు. పైనా కిందా ఉన్న కమానులు కోసేసి, కండ గీకి, మిగిలిన పీచును పలచటి బ్లీచు ద్రావణంలో వదిలించి కడుగుతారు. ఇక్కడే తొలి పొరపాటు. బ్లీచులో ఎక్కువసేపు ఉంచితే అంచు తినేసుకుపోతుంది, చివరి రెండు మూడు వలయాలు పోతాయి. తర్వాత వజ్రపు రంపంతో నడిమధ్య నుంచి నిలువుగా సుమారు అర మిల్లీమీటరు మందం రేకు కోస్తారు. రేకు అచ్చం డమరుకంలా ఉంటుంది. కోత నడిబొడ్డుకు పక్కగా పోతే తొలి వలయాలు దొరకవు. కింద నుంచి దీపం పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే వెలుగు దూరే పట్టీ, దూరని పట్టీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. డమరుకం అంచు గీత కాస్త వంగిన చోటు పుట్టిన రోజు గుర్తు. అక్కడి నుంచి ఇద్దరు, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా చదువుతారు.

ఇద్దరి లెక్కా కలిసినంత మాత్రాన అది నిజమైపోదు. ఇద్దరూ కలిసే తప్పు చదవొచ్చు. 1973లో హోల్డెన్, విన్స్ టెట్రాసైక్లిన్ మందు ఎక్కించిన, సొరకు బంధువులైన ముళ్ళ టేకు చేపల మీద దీన్ని పరీక్షించారు. ఆ మందు ఖనిజంలో చేరి, అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరిసే గీత వదులుతుంది. మళ్ళీ పట్టుబడ్డాక ఆ గీత బయట ఎన్ని పట్టీలు చేరాయో చూస్తే చాలు. ఏడాదికి ఒక జత అని తేలింది. కానీ ఇలా నిరూపించకుండానే వయసులు ప్రకటించడం ఆగలేదు. 1983లో కెనడా శాస్త్రవేత్తలు బీమిష్, మెక్‌ఫార్లేన్ ఈ నిర్లక్ష్యాన్ని గట్టిగానే ఎత్తిచూపారు. 1990లో కాలిఫోర్నియా ఏంజెల్ సొర ఇంకో దెబ్బ కొట్టింది. దాని పిల్ల పుట్టేటప్పటికే ఆరేడు పట్టీలుంటాయి, ఆ తర్వాత పట్టీలు ఒళ్ళు పెరుగుదలను బట్టి పడతాయి తప్ప ఏళ్ళను బట్టి కాదు.

అసలు గడియారం సముద్రంలో కలిసింది బాంబుల వల్ల. 1950లలో, 60ల మొదట్లో వాతావరణంలో జరిపిన అణుపరీక్షలు గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను ఉత్తరార్ధగోళంలో దాదాపు రెట్టింపు చేశాయి. 1963 ఒప్పందంతో గాల్లో పేల్చడం చాలావరకు ఆగింది. సముద్రపు పైనీళ్ళలో ఆ పెరుగుదల 1950ల చివర మొదలై అప్పటి పగడాల్లో, చేపల చెవి రాళ్ళలో నమోదైంది. వెన్నుపూసలో ఒక్కో వలయం నుంచి పిసరంత తీసి కార్బన్-14 కొలిస్తే, ఆ పెరుగుదల ఏ వలయంలో మొదలైందో కనిపిస్తుంది. ఆ వలయం ఏ ఏడాదిదో తెలిసిపోయినట్టే. చిక్కేమిటంటే సొర పూసలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌లో ఉండే కార్బన్ నీటి నుంచి కాదు, తిండి నుంచి వస్తుంది. లోతు నీళ్ళలో మేసే చేపలను తింటే సంకేతం కొన్నేళ్ళు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోతే వయసు మళ్ళీ తప్పుతుంది.

పోర్‌బీగిల్ సొర కథ చూస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. వాయవ్య అట్లాంటిక్‌లో దీని వేట 1961లో జోరందుకుంది. 1964లో సుమారు 9,000 టన్నులు పట్టారు. దశాబ్దం ముగియకముందే వేట కుప్పకూలింది. 2002లో కెనడాకు చెందిన కాంపానా బృందం అక్కడి పోర్‌బీగిల్‌లో వలయాలు 26 ఏళ్ళ వరకు ఏడాదికొక జత చొప్పునే పడతాయని బాంబు కార్బన్‌తో నిరూపించింది. 2007లో న్యూజీలాండ్ పోర్‌బీగిల్‌కు అదే పరీక్ష చేస్తే, సుమారు 20 ఏళ్ళు దాటాక వలయాలు నమ్మదగినవి కావని తేలింది. వలయాల ప్రకారం గరిష్ఠం 38 ఏళ్ళు. కార్బన్ చెప్పింది సుమారు 65.

కాగితం మీద ఇది 27 ఏళ్ళ తేడా, వేట కోటాలో అంతకన్నా పెద్దది. ఆయుష్షు నుంచి సహజ మరణాల రేటు అంచనా వేసే హోనిగ్ సమీకరణంలో 38 పెడితే ఏడాదికి 0.11 వస్తుంది, 65 పెడితే 0.06. మొదటిది నమ్మినవాళ్ళు చేపలు త్వరగా చచ్చి త్వరగా పుడతాయనుకుని ఎక్కువ పట్టనిస్తారు.

వలయాలు ఎందుకు ఆగుతాయి? ఒళ్ళు పొడవు పెరగడం నెమ్మదిస్తే పూస అంచుకు కొత్త చోటు అక్కర్లేదు, పట్టీలు ఒకదానిమీద ఒకటి నొక్కుకుని కనబడకుండా పోతాయి. ఒకే సొరలో నడుము దగ్గరి లావు పూసలో ఎక్కువ, తోక దగ్గరి పూసలో తక్కువ వలయాలు ఉండడాన్ని నటాన్సన్ బృందం 2018లో పలు జాతుల్లో చూపించింది. ఏళ్ళనే లెక్కపెడుతుంటే అన్ని పూసల్లోనూ ఒకటే రావాలి కదా. 2014లో వాయవ్య అట్లాంటిక్ తెల్ల సొర మగదొకటి బాంబు కార్బన్ ప్రకారం 73 ఏళ్ళది అని తేలింది. గ్రీన్‌లాండ్ సొర పూసల్లో గట్టి వలయాలే లేవు. 2016లో దాని కంటి కటకం నడిబొడ్డు, అంటే కడుపులో ఉన్నప్పుడే తయారై మారని ప్రొటీన్, పరీక్షించి అతి పెద్దదాని వయసు 392 ఏళ్ళు, అటూ ఇటూ 120 అన్నారు.

వయసుతోనే రసాయనం ఆగదు. లేజర్‌తో నడిబొడ్డు నుంచి అంచు దాకా గీత గీస్తూ, ఆవిరైన పదార్థాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలిస్తే కాల్షియంతో పోల్చి స్ట్రాన్షియం, బేరియం నిష్పత్తులు వస్తాయి. సముద్రంలో స్ట్రాన్షియం ఎక్కువ, నదీముఖాల్లో బేరియం ఎక్కువ. బుల్ సొరలు ఎప్పుడు నదిలో ఉన్నాయో ఇలా ఊహించవచ్చు. నీటి వేడి, సొర శరీర ధర్మం కూడా ఈ నిష్పత్తులను కదుపుతాయి కనుక ఒక్క మూలకం చూసి తీర్పు చెప్పకూడదు. తిండి తెలుసుకోవడానికి నైట్రోజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న నైట్రోజన్ రకాలు, చూసేవాళ్ళు ముందు నమూనాలోని యూరియా కడగాలి. సొర ఒంట్లో అది దండిగా ఉంటుంది, కడగకపోతే సొర తిన్న తిండి నిజానికన్నా ఆహారగొలుసులో కింది మెట్టుదన్నట్టు కనిపిస్తుంది.

తిమింగల సొర దగ్గర చాలాకాలం తేలనిది ఏడాదికి ఒక జతా, రెండు జతలా అన్నది. భారత్ దాన్ని 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది, పరీక్ష కోసం చంపే ప్రసక్తే లేదు. 2020లో తైవాన్‌లో, పాకిస్తాన్‌లో భద్రపరిచిన పూసలతో ఒక జతే అని తేలింది. పాకిస్తాన్‌ది పది మీటర్ల ఆడది, వయసు 50. బాంబు సంకేతం పెరిగిన ఆ కొద్ది ఏళ్ళు పూసలో ఉండాలంటే సొర అప్పటికి పుట్టి ఉండాలి. అందుకే ఇప్పుడు పాత పెట్టెల్లో ఎండబెట్టిన బిళ్ళలు విలువైనవయ్యాయి. వాటి మీద పట్టిన తేదీ, తీరం, సొర పొడవు, వెన్నులో ఎన్నో పూస అన్నది రాసి ఉండాలి. చివరిది రాయని బిళ్ళలో వలయాలు ఎన్ని ఉన్నా ఇంకో సొరతో పోల్చడానికి వీలుపడదు.