తాళం తీసిన చిప్‌కు ఫ్యాన్ ఎందుకు లేదు?

ఎండలు ముదిరేసరికి పాత తగాదా మళ్లీ లేచింది. ప్రాసెసర్ పెట్టెలో వచ్చిన ఫ్యాన్‌తోనే (స్టాక్ ఫ్యాన్) ఓవర్‌క్లాక్ చేయొచ్చా, అంటే కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి చిప్‌ను నడపొచ్చా? చేశాక చిప్ పాడైతే తప్పెవరిది? పరిమితి దాటించి వాడారు, వారంటీ చెల్లదు అంటుంది కంపెనీ. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్‌లు ఉండే సాఫ్ట్‌వేర్‌లోకి) నేను వెళ్లనే లేదు అంటాడు కొనుక్కున్నవాడు. ఈ రెండో మాటను సాధారణంగా ఎవరూ నమ్మరు. కానీ నమ్మడానికి చాలా కారణాలున్నాయి.

ఇంటెల్ పాత చవక చిప్ సెలెరాన్ 300ఏను 300 నుంచి 450 మెగాహెర్ట్జ్‌కు లాగిన కథ అందరికీ తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టడం లేదు. నా లెక్కలో ఇవాళ్టి గొడవకు మూలం 2015 ఆగస్టు. ఆ నెలలో ఇంటెల్ స్కైలేక్ తరం ఐ7-6700కె, ఐ5-6600కె చిప్‌లను విడుదల చేసింది. పెట్టె తెరిస్తే ప్రాసెసర్ ఉంది, ఫ్యాన్ లేదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2011 జనవరిలో, ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరంతో బేస్ క్లాక్ దారి మూసుకుపోయింది. బేస్ క్లాక్ అంటే సిస్టమ్ మూల వేగం; దాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో గుణిస్తే చిప్ వేగం వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా అన్నీ అదే క్లాక్ మీద ఆధారపడటంతో 100 మెగాహెర్ట్జ్‌ను నాలుగైదు శాతం పెంచినా సిస్టమ్ తడబడేది. వేగం కావాలంటే మల్టిప్లయర్ తాళం తీసిన 'కె' చిప్ కొనాల్సిందే. అప్పుడు ఐ5-2500 ధర 205 డాలర్లు, 2500కె ధర 216. తాళంచెవి వెల పదకొండు డాలర్లే, పైగా పెట్టెలో ఫ్యాన్ కూడా ఇచ్చేవారు. 2015లో ఆ ఫ్యాన్ కూడా తీసేశారు. దాంతో తాళం లేని చిప్‌కు ఫ్యాన్ లేకుండా పోయింది, ఫ్యాన్ ఉన్న చిప్‌కు తాళం పడింది. స్టాక్ ఫ్యాన్‌తో జాగ్రత్తగా కాస్త వేగం పెంచుకుందామనుకునే మధ్యతరగతి వినియోగదారుడికి రెండు పెట్టెల్లోనూ చోటు దొరకలేదు. 'కె' చిప్ కొనేవాళ్లు ఎలాగూ పెద్ద కూలర్ కొంటారన్న వాదనలో కొంత నిజముంది. అందరూ కొనరన్నది కూడా అంతే నిజం.

ఆ ఏడాది డిసెంబరులోనే ఎదురుదెబ్బ తగిలింది. స్కైలేక్‌లో బేస్ క్లాక్‌ను మిగతా భాగాల నుంచి విడదీసి పెంచవచ్చని మదర్‌బోర్డు తయారీదారులు కనిపెట్టారు. సూపర్‌మైక్రో దారి చూపింది. యాస్‌రాక్ 'స్కై ఓసీ' పేరుతో కొత్త బయోస్‌లు ఇచ్చింది. 2.7 గిగాహెర్ట్జ్ ఐ5-6400 లాంటి తాళం వేసిన చిప్‌లు ఒక్కసారిగా నాలుగు దాటి పరుగెత్తాయి. రెండు మూడు నెలలు గడవకముందే ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ కోడ్) ద్వారా ఆ దారి మూసేసింది. బయోస్‌లు వెనక్కి వెళ్లిపోయాయి.

కంపెనీ వైపు నేను ఒప్పుకునే బలమైన మాట ఒక్కటుంది. ఆ బయోస్‌లతో టర్బో (అవసరమైనప్పుడు చిప్ తానే వేగం పెంచుకోవడం), పవర్ పొదుపు, లోపలి గ్రాఫిక్స్ ఆగిపోయేవి. కోర్ ఉష్ణోగ్రత సరిగా చూపించేది కాదు. వేడి ఎంతుందో తెలియకుండా చిన్న అల్యూమినియం ఫ్యాన్ కింద చిప్‌ను నడపడం ప్రమాదమే. కానీ ఆ లోపాన్ని సరిచేసి దారి తెరిచి ఉంచవచ్చు. అలా చేయలేదు.

ఆ దారి కావాలని మూసిందే తప్ప సాంకేతికంగా తప్పనిసరి కాదని 2017 మార్చిలో తేలింది. ఇంటెల్ పోటీదారు ఏఎండీ తెచ్చిన రైజెన్ చిప్‌లన్నీ తాళం లేకుండానే వచ్చాయి. 65 వాట్ల రైజెన్ 7 1700 పెట్టెలో రేత్ స్పైర్ కూలర్ కూడా ఉంది. ఖరీదైన ఎక్స్370 బోర్డు లేకపోయినా అంతకంటే చవకైన బీ350 సరిపోయింది. స్టాక్ కూలర్‌తో ఓవర్‌క్లాక్ అన్న మాటకు మళ్లీ అర్థం వచ్చింది ఆ రోజే. అలాగని ఏఎండీ చేతులు పూర్తిగా శుభ్రం కావు. ఓవర్‌క్లాక్‌తో జరిగే నష్టానికి, అది తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినదైనా సరే, వారంటీ వర్తించదని షరతుల్లో రాసుకుంది. ప్రకటనలో చూపించే సదుపాయానికి షరతుల్లో బాధ్యత లేదు.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్లాలి. 2012 నాటికే బోర్డు కంపెనీలు పోటీలో నెగ్గడానికి ఒక పని మొదలుపెట్టాయి. ఒక్క కోర్‌కు ఉద్దేశించిన టర్బో వేగాన్ని అన్ని కోర్లకూ ఇచ్చేసి, ఆ సెట్టింగ్‌ను కొన్ని బోర్డుల్లో ఫ్యాక్టరీలోనే ఆన్ చేసి పంపాయి. అది ఓవర్‌క్లాకే, కాకపోతే చేసింది కొనుక్కున్నవాడు కాదు. తర్వాతి తరాల్లో పవర్ పరిమితులు కూడా ఎగిరిపోయాయి. కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే ఏ కూలర్ బిగించావని అడుగుతాయి. వాటర్ కూలర్ అని నొక్కితే పరిమితి 4096 వాట్లు. అంటే పరిమితే లేదన్నమాట.

అందుకే 2024 నాటి ఘటన ముఖ్యమైనది. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు గేముల్లో కుప్పకూలుతున్నాయని ఫిర్యాదులు పెరిగాయి. ఏప్రిల్‌లో ఇంటెల్ బోర్డుల సెట్టింగ్‌ల వైపు వేలు చూపించింది. జులైలో మాత్రం, తమ మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ కోరుతోందని ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ వచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ మైక్రోకోడ్ బాగుచేయలేదు. వారంటీ పొడిగించిన చిప్‌ల జాబితాలో ఐ7-13700 కూడా ఉంది. తాళం వేసి, పెట్టెలో ఫ్యాన్ పెట్టి అమ్మిన చిప్ అది. బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో 219. దాని యజమాని 'నేనేమీ ముట్టుకోలేదు' అంటే, ముందు నమ్మి తర్వాత ప్రశ్నలు అడగాలి.

మన ఊళ్లలో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. కూలర్ చేసేదల్లా గదిలో గాలి కంటే చిప్ ఎంత వేడెక్కాలో నిర్ణయించడమే. 25 డిగ్రీల గదిలో 75 చూపించిన చిప్, మేలో ఏసీ లేని విజయవాడ గదిలో గాలి 40 ఉంటే 90 చూపిస్తుంది. పైగా చిప్ తినే విద్యుత్తు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణించినంత) పెరుగుతుంది. 1.2 వోల్టులను 1.35 చేసి, వేగం పది శాతం పెంచితే వేడి దాదాపు 40 శాతం ఎక్కువ. స్టాక్ ఫ్యాన్ మోయలేనిది ఈ భారాన్నే. వేగం ఒక్కటే పెరిగితే చాలావరకు తట్టుకుంటుంది.

కాబట్టి స్టాక్ ఫ్యాన్‌తో చేయాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది బోర్డు తనంతట తాను పెంచినదాన్ని దించడం. పవర్ పరిమితులను చిప్ కంపెనీ చెప్పిన అంకెలకు తీసుకురండి, వోల్టేజీని ఆటోలో వదలకండి. ఆ తర్వాత మల్టిప్లయర్‌ను ఒక్కో మెట్టు పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా అరగంట స్ట్రెస్ టెస్ట్ (చిప్‌కు పూర్తి పని పెట్టే పరీక్ష) నడిపి, మధ్యాహ్నం ఎండలో 85 డిగ్రీలు దాటితే ఒక మెట్టు దిగండి. వోల్టేజీ పెంచితే తప్ప నిలవని వేగం ఆ ఫ్యాన్‌కు తగినది కాదు. కొత్త రైజెన్‌లలో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్‌తో వోల్టేజీ తగ్గిస్తే, ఆ మిగిలిన వేడి మేరకు చిప్ తానే వేగం పెంచుకుంటుంది. స్టాక్ కూలర్‌కు నాకు నచ్చిన పద్ధతి ఇదే. ఇది కూడా వారంటీ షరతుల బయటే ఉందని తెలుసుకుని చేయండి.

బోర్డు బిగించిన రోజే, ఏదీ మార్చకముందు, బయోస్‌లో పవర్ లిమిట్, కోర్ వోల్టేజీ పేజీలను ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. రేపు సర్వీస్ సెంటర్‌లో ఓవర్‌క్లాక్ చేశారా అని అడిగినప్పుడు, ఫ్యాక్టరీ నుంచి ఏ సెట్టింగ్‌తో వచ్చిందో చూపించడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే.