రేవులో ఒకే పడవ: వీగన్ల బి12 లెక్క

“గేదె జీవితాంతం గడ్డే తింటుంది. దానికి అక్కర్లేని బి12 మాత్ర నాకెందుకు?” అని ఒక పాఠకురాలు అడిగారు. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేసి వీగన్‌గా మారి రెండేళ్లు దాటిందట. మాత్రలు మింగితే తప్ప సాగని తిండి ప్రకృతి విరుద్ధమని ఇంట్లో పెద్దవాళ్లు సాధిస్తున్నారట. ప్రశ్న చాలా మంచిది. దీనికి ఫోన్లలో తిరిగే జవాబులే అన్యాయంగా ఉంటాయి.

వీగన్ అనగానే అందరూ ముందు ప్రోటీన్ గురించి దిగులు పడతారు. అన్నం, పప్పు, సెనగలు, వేరుశనగలు, సోయా కడుపునిండా తినే మనిషి విషయంలో నాకా దిగులు లేదు కాబట్టి ఆ ఊసు ఎత్తను. బి12 సంగతి వేరు. మొక్కకు దానితో పని లేదు, అందుకని తయారు చేసుకోదు. ఎన్ని ఆకుకూరలు తిన్నా సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే.

మన బడి పుస్తకాల్లో విటమిన్ల పట్టిక ఒకటుంటుంది. బి12 ఎదురుగా కాలేయం, మాంసం, గుడ్లు, పాలు అని రాసి ఉంటుంది. పరీక్షలో అది దించితే మార్కులు పడతాయి. నిజానికి మేక కాలేయం బి12ను తయారు చేయదు, కోడీ చేయదు. భూమి మీద దాన్ని తయారు చేయగలిగినవి కొన్ని బాక్టీరియాలు, ఆర్కియాలనే మరో రకం సూక్ష్మజీవులు మాత్రమే. ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఎవరు చేశారో చెప్పకుండా వదిలేసే ఆ పట్టిక వల్లే ఇది ‘మాంసం విటమిన్’ అనే అపోహ మనలో పాతుకుపోయింది.

అణువు కూడా ఆషామాషీది కాదు. 63 కార్బన్లు, 14 నత్రజనులు, నడుమ ఒకే ఒక్క కోబాల్ట్ పరమాణువు. బ్రిటన్ శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్ 1956లో ఎక్స్‌రేల సాయంతో దీని నిర్మాణం తేల్చారు. 1964లో నోబెల్ అందుకున్నారు. దీన్ని ప్రయోగశాలలో మొదటినుంచీ కూర్చడానికి వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ బృందాలకు, అంటే దాదాపు వందమంది రసాయనవేత్తలకు, పదేళ్లకు పైనే పట్టింది. కంటికి కనపడని బాక్టీరియా ఆ పని రోజూ చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు గేదె దగ్గరకు వద్దాం. గడ్డి ముందు చేరేది రూమెన్ అనే పెద్ద సంచిలోకి. అక్కడ కోటానుకోట్ల బాక్టీరియాలు గడ్డిలోని కోబాల్ట్‌ను తీసుకుని బి12 తయారు చేస్తాయి. ఆ సరుకంతా తరవాత చిన్నపేగులోకి దిగుతుంది, అక్కడ ఒంటికి పడుతుంది. కోబాల్ట్ లేకపోతే ఏమవుతుందో 1930లలో ఆస్ట్రేలియా తెలుసుకుంది. దక్షిణ తీరంలో కొన్నిచోట్ల గొర్రెలు పచ్చటి మేతలో నిలబడే చిక్కి శల్యమై చచ్చిపోయేవి. అక్కడి నేలలో కోబాల్ట్ చాలదని, చిటికెడు కోబాల్ట్ ఇస్తే లేచి కూర్చుంటాయని తేలింది. తరవాత రోజుల్లో కోబాల్ట్ ఉన్న బరువైన గుళికను గొర్రె గొంతులో వేసేవారు. అది రూమెన్ అడుగున కూర్చుని నెలల తరబడి కొద్దికొద్దిగా కరిగేది. గడ్డి తినే జీవికి కూడా మందుగుళిక అవసరం పడిన సందర్భాలున్నాయన్నమాట.

మన పెద్దపేగులోనూ బి12 చేసే బాక్టీరియాలు ఉన్నాయి. అయినా మనకెందుకు దక్కదు? ఇక్కడే నాకు ఎప్పటికీ విసుగు పుట్టని కథ మొదలవుతుంది.

ఒక గోదావరి రేవును ఊహించుకోండి. ఈ ఒడ్డు పేగు లోపలి భాగం, ఆవలి ఒడ్డు రక్తం. బి12 అణువులు ప్రయాణికులు. చిన్నపేగు చివరి భాగమైన ఇలియంలో మాత్రమే రేవు ఉంది. పడవ నడిపేవాడి పేరు ఇంట్రిన్సిక్ ఫాక్టర్, జీర్ణాశయం గోడలోని కణాలు విడుదల చేసే ఒక ప్రోటీన్. వీడు ఎక్కించుకున్నవాళ్లే రేవు దాటగలరు. పెద్దపేగు రేవుకు దిగువన ఉంది. అక్కడ పుట్టిన ప్రయాణికులకు పడవ లేదు, ప్రవాహం వెనక్కి పోదు, నేరుగా మరుగుదొడ్డిలోకే. కుందేలు ఈ చిక్కును తన మెత్తటి పెంటికలను తానే తిని, సరుకును మళ్లీ ఎగువకు చేర్చి పరిష్కరించుకుంది. మనకు ఆ దారి రుచించదు.

ఈ పడవవాణ్ణి కనిపెట్టిన తీరు కూడా అలాంటిదే. పర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతకు కాలేయం తినిపిస్తే తగ్గుతుందని 1926లో అమెరికా వైద్యులు మైనట్, మర్ఫీ చూపించారు. బోస్టన్‌లో విలియం కాసిల్ అనే యువ వైద్యుడికి ఒక సందేహం వచ్చింది: మామూలు మనిషికి మామూలు మాంసం చాలుతుంటే, ఈ రోగికి కాలేయం అంతంత ఎందుకు? ముందు కొన్నాళ్లు రోగులకు ఉత్త మాంసం పెట్టాడు. ఏమీ జరగలేదు. తరవాత తానే 300 గ్రాముల గొడ్డుమాంసం తిని, గంట ఆగి, గొంతులో వేలుపెట్టి కక్కి, ఆ ద్రవాన్ని గొట్టం ద్వారా రోగుల పొట్టలోకి పంపాడు. వారం పది రోజుల్లో వాళ్ల రక్తంలో పసి ఎర్రకణాలు పొటమరించాయి. మాంసంలో ఒకటి, ఆరోగ్యవంతుడి జీర్ణరసంలో ఒకటి, రెండూ కలిస్తేనే పని జరుగుతుందని 1929లో ప్రకటించాడు. మొదటిది బి12, రెండోది మన పడవవాడు. రోగులకు ఏమి తాగిస్తున్నదీ చెప్పలేదనే అంటారు. చెబితే ఆ ప్రయోగం సాగేదా అన్నది వేరే విషయం.

పడవ కథలో అసలు కీలకం దాని పరిమాణం. ఒక పూట భోజనానికి ఒకే సవారీ, అందులో పట్టేది సుమారు ఒకటిన్నర నుంచి రెండు మైక్రోగ్రాములు. ఆపైన ఎంతమంది వచ్చినా రేవులో నిలబడాల్సిందే. కొన్ని గంటలు గడిస్తే గానీ మళ్లీ పడవ సిద్ధం కాదు. అయితే గుంపు మరీ పెద్దదైతే కొందరు పడవతో పనిలేకుండా ఈది ఆవలికి చేరతారు. నూటికి ఒకరు, అంతే. దీన్నే నిష్క్రియ వ్యాపనం అంటారు.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే మందుల షాపులో కనిపించే వింత మోతాదుల చిక్కంతా విడిపోతుంది. ఒంటికి రోజుకు కావలసిన బి12 రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. తిన్నదాంట్లో సగమే పడుతుందని లెక్క కట్టారు కాబట్టి నిజంగా రక్తంలోకి చేరాల్సింది ఒకటీ ఒకటింబావు. బ్రిటన్ వీగన్ సొసైటీ మూడు దారులు చెబుతుంది: బి12 కలిపిన ఆహారాన్ని రెండు మూడు పూటలుగా తిని రోజుకు 3 మైక్రోగ్రాములు, లేదా రోజుకొక 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికొకసారి 2,000. పైకి ఒకదానికొకటి పొంతన లేదు. పడవ లెక్క వేయండి. 3 మైక్రోగ్రాములు విడివిడిగా వస్తే అందరికీ పడవలో చోటు దొరుకుతుంది. 10 ఒకేసారి వస్తే పడవలో ఒకటిన్నర, ఈదేది ఒక మైక్రోగ్రాములో పదో వంతు, మొత్తం ఒకటీ పాయింటు ఆరు. వారానికి 2,000 అయితే ఈదేవాళ్లే 20. ఏడు రోజులకు పంచితే రోజుకు మూడు. మన దగ్గర విరివిగా దొరికే 1,500 మైక్రోగ్రాముల మాత్రలో పదిహేను ఈదుతాయి, మిగతా సింహభాగం వృథా. వృథా అయినా ప్రమాదం లేదు, మూత్రంలోనో మలంలోనో పోతుంది.

పడవవాడు ఇంకో మేలు కూడా చేస్తాడు. కాలేయం ప్రతిరోజూ కొంత బి12ను పైత్యరసంతో పేగులోకి వదులుతుంది. అంటే ఆవలి ఒడ్డు నుంచి కొందరు తిరిగి ఎగువకు వస్తారు, వాళ్లలో ఎక్కువమందిని పడవవాడు మళ్లీ దాటిస్తాడు. కాలేయంలో ఉన్న కొద్ది మిల్లీగ్రాముల నిల్వ ఏళ్ల తరబడి సరిపోయేది ఇందుకే. “మూడేళ్లుగా వీగన్‌ని, మాత్ర ముట్టలేదు, రాయిలా ఉన్నాను” అనేవాళ్ల రహస్యం వారి ఆకుకూరల్లో లేదు, వెనకటి పెరుగన్నంలో ఉంది. ఒక పెద్ద గ్లాసు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము ఉంటుంది. మన ఇళ్లలో తరతరాల శాకాహారాన్ని నిలబెట్టింది ఆ పెరుగు, మజ్జిగలే. కాసిల్ చూసిన రోగులకైతే పడవవాడే లేడు, పైత్యరసంతో వచ్చినదీ పోతుంది. అందుకే వాళ్లు త్వరగా కూలిపోయేవారు.

స్పిరులినా అనే నాచు పొడిలో బి12 ఉందని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. అందులో అధిక భాగం నకిలీ బి12, ఒక చివర వేరే ముక్క అతుక్కున్న బంధువు. బాక్టీరియా ఎంత పెరిగిందో చూసి బి12ను కొలిచే పాత పరీక్ష పద్ధతుల్లో, అది ఈ నకిలీనీ తిని పెరుగుతుంది కాబట్టి లేబుల్ మీద అంకె ఘనంగా కనిపిస్తుంది. మన పడవవాడు మాత్రం మొహం చూసి ఎక్కించుకోడు. ఇడ్లీ పిండి, చద్దన్నం పులిస్తే బి12 పుడుతుందన్నదీ అంతే. ఆ పులుపు తెచ్చే బాక్టీరియాలు వేరు. పులియబెడితే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం తగ్గి ఇనుము, జింకు బాగా పడతాయి, ఆ మేలు చాలు. కడగని కూరగాయల మట్టిలో బి12 ఉంటుందనే వాదన వినగానే నాకు నులిపురుగుల మాత్రలు గుర్తొస్తాయి. ఒక చిన్న మినహాయింపు ఉంది. వెల్లూరు వైద్యులు ఆల్బర్ట్, మథన్, బేకర్ 1980లో దక్షిణ భారతీయుల చిన్నపేగులోనే, అంటే రేవుకు ఎగువన, బి12 చేసే బాక్టీరియాలను చూపించారు. ఆసక్తికరమే గానీ దాని మీద ఆధారపడలేం. మన దేశపు శాకాహారుల్లో లోపం విస్తారంగా కనిపిస్తూనే ఉంది.

లోపం వస్తే ఏమవుతుందన్న చోట ఒక భీమవరం మనిషి కథలోకి వస్తాడు. మన శరీరంలో బి12 కోరే ఎంజైములు రెండే. ఒకటి మిథియోనిన్ సింథేజ్: ఫోలేట్ అనే మరో బి విటమిన్ నుంచి మిథైల్ అనే చిన్న రసాయన ముక్కను తీసి హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిస్తుంది. రెండోది మిథైల్‌మలోనిల్-కోఎ మ్యూటేజ్. బి12 లేకపోతే మొదటి పని ఆగి, ఫోలేట్ అంతా మిథైల్ రూపంలో ఇరుక్కుపోతుంది, డీఎన్ఏ తయారీకి అందదు. ఎముక మజ్జలో కణాలు విడిపోలేక ఉబ్బుతాయి, అదే పెద్దకణాల రక్తహీనత. స్ప్రూ అనే పేగు వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావే ఆ భీమవరం మనిషి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని, అంటే ఫోలేట్‌కు మాత్ర రూపాన్ని, సంశ్లేషించింది. ఆ మాత్ర అడ్డదారిన డీఎన్ఏ తయారీని నడిపిస్తుంది. పర్నిషియస్ అనీమియా రోగులకు ఇస్తే రక్తం బాగుపడింది, నాడులు మాత్రం క్షీణిస్తూ పోయాయి. ఎక్కడో ఇంకొకటి ఉందని అర్థమైంది. ఆ ఇంకొకటే బి12, 1948లో ఎర్రటి స్ఫటికాలుగా బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఇంగ్లండులో వీగన్ సొసైటీ పుట్టింది 1944లో. అంటే ఆ తొలి వీగన్లకు తాము ఏమి కోల్పోతున్నారో తెలిసే అవకాశమే లేదు.

కాబట్టి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగుందని ధీమా వద్దు, ముఖ్యంగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకునేవాళ్లకు. పాదాల్లో తిమ్మిర్లు, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలడం వెన్నుపాము చెబుతున్న కబురు. ఆలస్యమైతే కొంత నష్టం తిరిగిరాదు. ఆ దశలో మాత్రల లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా డాక్టరును కలవాలి, ఇంజెక్షన్లు అవసరం పడవచ్చు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు రేవు దగ్గర ఆటంకం ఉంటుంది, వాళ్లు వీగన్లు కాకపోయినా సరే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు వాయిదా వేయకూడదు. పసిబిడ్డకు ఏళ్ల నిల్వ ఉండదు.

బి12 మాత్రల్లో మిథైల్‌కోబాలమిన్ రూపం మంచిదా, సయనోకోబాలమిన్ రూపం మంచిదా అని చాలామంది తర్జనభర్జన పడతారు. కణంలోకి వెళ్లాక రెండింటి తోకా కత్తిరించి, కణం తనకు కావలసినది తానే తగిలించుకుంటుంది. సయనైడ్ అన్న పేరు విని హడలిపోనక్కర్లేదు: 1,000 మైక్రోగ్రాముల మాత్రలో అది సుమారు 20 మైక్రోగ్రాములు. రెండూ బాక్టీరియాను పెంచి తీసినవే, ఏ జంతువుకూ సంబంధం లేదు.

మిగతావి త్వరగా. రాగులు, నువ్వులు ఉంటే కాల్షియం కుదురుతుంది. ఇనుము కోసం పప్పులో నిమ్మకాయ పిండండి, భోజనం మీద టీ మానండి. అవిసె గింజల్లోని ఒమేగా-3 శరీరంలో డీహెచ్ఏ అనే మరో రకం ఒమేగా-3గా మారేది కొద్దిగానే, కావాలంటే నాచు నుంచి తీసిన నూనె ఉంది. పాలు మానేసి, ఆరోగ్యమని సైంధవ లవణానికి మారినవాళ్లకు అయోడిన్ దారులు రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు వాడటమే మేలు. వీగన్ ఆహారానికి మన దేశంలో 2022లో నిబంధనలు, శాకాహారపు ఆకుపచ్చ చుక్క కాకుండా ప్రత్యేకంగా ఇంకో ఆకుపచ్చ గుర్తు వచ్చాయి. ఆ గుర్తు లేని సీసా అయితే గొట్టం మాత్రల తొడుగు జెలటిన్‌దేమో, అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినదేమో చూడండి. విటమిన్ డి3 అని మాత్రమే రాసి మూలం చెప్పకపోతే అది గొర్రె బొచ్చులోని జిడ్డు నుంచి వచ్చిందనే అనుకోవాలి. డి2 అయినా, రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3 అయినా అడిగి తీసుకోవచ్చు.