వృద్ధుల్లో దుర్బలత: అపోహలు – వాస్తవాలు

అపోహ: 80 దాటినవారంతా దుర్బలులే.

వాస్తవం: వయసు, దుర్బలత ఒకటి కావు. జ్వరం, చిన్న శస్త్రచికిత్స, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర వంటి స్వల్ప ఒత్తిడికే శరీరం కుదేలై, మునుపటి స్థితికి తిరిగి చేరుకోలేకపోవడమే దుర్బలత. 2001లో అమెరికా వృద్ధుల వైద్య నిపుణురాలు లిండా ఫ్రీడ్ బృందం ఇందుకు 5 లక్షణాలను ప్రతిపాదించింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, నీరసం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గిపోవడం. వీటిలో 3 లేదా అంతకుమించి ఉంటే దుర్బలతగానూ, 1 లేదా 2 ఉంటే దాని ముందు దశగానూ పరిగణిస్తారు. ఈ ముందు దశను పసిగట్టడమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని, ఎందుకంటే కోలుకునే అవకాశం అప్పుడే ఎక్కువ.

అపోహ: బక్కగా ఉన్నవారికే ఈ సమస్య.

వాస్తవం: స్థూలకాయుల్లోనూ కండ కరిగిపోయి ఉండవచ్చు. అందుకే ఒంటి తీరును కాక నడకను చూడాలి: 4 మీటర్లు మామూలుగా నడవడానికి 5 సెకన్లకు మించి పడితే మరింత లోతుగా పరీక్షించాలి.

అపోహ: ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగిని చూడగానే దుర్బలతకు స్కోరు వేయవచ్చు.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. దుర్బలతను 1 నుంచి 9 వరకు అంకెల్లో కొలిచే (అంకె పెరిగేకొద్దీ దుర్బలత ఎక్కువ) క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్‌లో లెక్కలోకి తీసుకోవలసింది ఈనాటి స్థితిని కాదు, జబ్బు పడటానికి సుమారు 2 వారాల ముందున్న స్థితిని. న్యుమోనియాతో లేవలేకపోతున్న వ్యక్తి అంతకుముందు తన మందులు తానే వేసుకుంటూ, మెట్లెక్కుతూ, డబ్బు లెక్కలు చూసుకుంటూ ఉండి ఉంటే, నేటి నిస్సత్తువను బట్టి వేసే స్కోరు ఆయనకు అన్యాయం చేస్తుంది. కాబట్టి ఇంట్లో వారిని అడగాలి. అదీ ‘బాగానే ఉండేవారా?’ అని కాకుండా, స్నానం, దుస్తులు, వంట, బయటికి వెళ్లడం వంటి పనులను ఒక్కొక్కటిగా ప్రస్తావిస్తూ అడగాలి. 65 ఏళ్ల లోపువారికీ, చిన్ననాటి నుంచి వైకల్యం ఉన్నవారికీ ఈ స్కేలు వర్తించదు.

అపోహ: స్కోరు ఎక్కువైతే చికిత్స మానేయవలసిందే.

వాస్తవం: స్కోరు ఒక్కదానితో ఏ చికిత్సనూ నిరాకరించకూడదు. జబ్బులు, మందులు, జ్ఞాపకశక్తి, మానసిక స్థితి, రోజువారీ పనులు, ఇంట్లోని ఆసరా అన్నిటినీ కలిపి చూసే సమగ్ర అంచనాకు అది నాంది మాత్రమే. దాని తరువాత తూలడం, మగత కలిగించే మాత్రలను తగ్గించవచ్చు. మధుమేహం ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదాన్ని తప్పించడానికి హెచ్‌బీఏ1సీ (గత 2-3 నెలల సగటు షుగర్‌ను తెలిపే రక్తపరీక్ష) లక్ష్యాన్ని 8 శాతం వరకు సడలించవచ్చు. తనకు ఏది ముఖ్యమో, ఆయుష్షా, నొప్పి లేకపోవడమా, ఒకరి మీద ఆధారపడకుండా ఉండటమా అన్నది రోగినే అడిగి తెలుసుకుని, ఆ సమాధానాన్ని కేసు పత్రంలో రాయాలి.

అపోహ: నీరసంగా ఉన్నవారికి విశ్రాంతే మందు.

వాస్తవం: ఆరోగ్యవంతులైన వృద్ధులే 10 రోజులు మంచానికి పరిమితమైతే కాళ్లలో దాదాపు కిలో కండ కోల్పోయారని ఒక అధ్యయనం తేల్చింది. అందుకే ప్రమాదం లేదనుకున్న వెంటనే లేపి కూర్చోబెట్టడం, నడిపించడం, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయించడం, తీవ్రమైన మూత్రపిండాల జబ్బు లేకపోతే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అందేలా చూడటం చికిత్సలో భాగాలే. వీటిని డిశ్చార్జి పత్రంలో మందులతో పాటు, ఎవరు చేయించాలో కూడా పేర్కొంటూ రాయాలి.