ఆరు మిల్లీమీటర్ల ఉక్కు మీద కాపురం

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మనవాళ్లు కాలువ గట్టున నడుస్తూ నారోబోట్లనే సన్నటి పడవల్ని చూసే ఉంటారు. రైలు పెట్టెను సన్నగా సాగదీసి నీళ్లలో వదిలినట్టుంటాయి. వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ, పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ఇంగ్లండ్ నడిబొడ్డున తవ్వించిన కాలువలకు ఏడడుగుల లాకులు పెట్టాడు. ఆ లాకుల్లో పట్టాలి కాబట్టి పడవకు ఈ ఆకారం వచ్చింది. (గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకులంటే ఏమిటో చెప్పక్కర్లేదు.) అప్పట్లో బొగ్గు మోసిన చెక్క పడవలకు వారసులు ఇప్పటి ఉక్కు నారోబోట్లు. వీటిలో ఇప్పుడు జనం కాపురాలు చేస్తున్నారు. వంటగది, మంచం, కట్టెల పొయ్యి, అన్నీ లోపలే.

ఈ పడవల వాళ్ల నోట తరచూ వినిపించే మాట ‘10-6-4’. అడుగు ప్లేటు మందం 10 మి.మీ., పక్క ప్లేట్లు 6, పైన గది గోడలు 4. అంటే కాలువ నీళ్లకూ మనం పడుకునే మంచానికీ మధ్య పక్కవైపు ఉన్నది ఆరు మిల్లీమీటర్ల ఉక్కు. పాత పడవల్లో ఇంకా పల్చన. చాలామంది సర్వేయర్లు (పడవ పరిస్థితిని తనిఖీ చేసేవాళ్లు), బీమా కంపెనీలు 4 మి.మీ.ని లక్ష్మణరేఖగా చూస్తారు. అంతకన్నా తగ్గితే బీమా దొరకడం కష్టం, పడవ అమ్మడం ఇంకా కష్టం. కాబట్టి యజమాని చేతిలో నిజంగా ఉన్నది రెండు మిల్లీమీటర్లే. టెన్షన్ అంతా ఆ రెండింటి గురించే.

కానీ చాలామంది భయపడేది భయపడక్కర్లేని చోట. నీటి మట్టం దగ్గర ఎర్రగా పొరలు లేచిన తుప్పు చూస్తే గుండె జారుతుంది. ఇనుము తుప్పుగా మారితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అరంగుళం పెచ్చు ఊడి చేతిలోకి వచ్చిందంటే అరంగుళం ఇనుము పోయినట్టు కాదు. గోకి, కడిగి కొలిస్తే ప్లేటు చాలావరకు అలాగే ఉండొచ్చు. అసలు దొంగ వేరే ఉన్నాడు. నున్నటి నల్లరంగు కింద, మినపగింజంత గుంటలో కూర్చుని లోపలికి తవ్వుతుంటాడు.

ఎందుకలా? తుప్పు పట్టడమంటే నిజానికి కరెంటు పారడం. తడిసిన ఇనుప ప్లేటు మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలేసి నీళ్లలోకి జారుకుంటాయి. ఆ చోటు ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా ఇంకో చోటికి పోయి, అక్కడ నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌కు చేరతాయి. అది కాథోడ్. విచిత్రం ఏమిటంటే, ఆక్సిజన్ బాగా అందే చోటు కాథోడ్‌గా బతికిపోతుంది, ఆక్సిజన్ అందని చోటే కరుగుతుంది. బురద పేరుకున్న మూల, ఊడీ ఊడని రంగు కింది సందు, గుంట అడుగు, ఇవే ఆక్సిజన్ అందని చోట్లు. గుంట ఎంత లోతైతే లోపలికి ఆక్సిజన్ అంత తక్కువగా చేరుతుంది, కాబట్టి అది ఇంకా లోతవుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఫారడే సూత్రం ప్రకారం ఒక ఆంపియర్ కరెంటు ఏడాదంతా పారితే సుమారు 9 కిలోల ఇనుము కరుగుతుంది. మన పడవలో లీకయ్యే కరెంటు అందులో ఇరవయ్యో వంతు, 50 మిల్లీఆంపియర్లే అనుకుందాం. ఏడాదికి 450 గ్రాముల ఇనుము పోతుంది. 57 అడుగుల పడవకు నీళ్లలో మునిగే ఉక్కు దాదాపు 57 చదరపు మీటర్లు. ఆ నష్టం అంతటా సమానంగా పంచుకుంటే పోయేది మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. వందేళ్లయినా దిగుల్లేదు. అదే 450 గ్రాములు రంగు గీసుకుపోయిన చోట్ల మాత్రమే పోతే? చదరపు సెంటీమీటర్ చొప్పున, ఆరు మిల్లీమీటర్ల ప్లేటుకు సుమారు తొంభై ఐదు చిల్లులు. అసలు జరిగేది ఇంత లెక్కప్రకారం ఉండదు లెండి. కానీ సగటు మందం చెప్పి ‘పడవ భేషుగ్గా ఉంది’ అనే రిపోర్టును నేనెందుకు నమ్మనో దీంతో అర్థమవుతుంది. అడగాల్సింది సగటు కాదు, అన్నిటికన్నా లోతైన గుంట ఎంత అని.

మరి ఆ లీకయ్యే కరెంటు ఎక్కడిది? చాలాసార్లు అపరాధి గట్టు మీది ప్లగ్గే. మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, పడవ ఆపి కరెంటు తీసుకుంటే, కేబుల్‌లోని పచ్చ-పసుపు ఎర్త్ వైరు మన ఉక్కును పక్క పడవల ఉక్కుతో, వాటి ఇత్తడి, కంచు భాగాలతో, ఒక్కోసారి గట్టుకు దిగ్గొట్టిన ఇనుప షీట్లతో కలిపేస్తుంది. రకరకాల లోహాలు, మధ్యలో నీళ్లు, కలిపే వైరు. బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేసే లోహం ఎవరిదైతే వాళ్లది కరుగుతుంది. పక్కాయన ఆనోడ్లు (పడవ బదులు కరిగేలా తగిలించే లోహపు దిమ్మెలు) పెట్టుకోకపోతే మన ఆనోడ్లు ఆయన పడవకు కూడా కాపలా కాస్తాయి. ఖర్చు మనది, పుణ్యం ఆయనది.

అలాగని ఎర్త్ వైరు కత్తిరించకూడదు. షాక్ కొడితే పోయేది ఉక్కు కాదు, ప్రాణం. దీనికి గాల్వానిక్ ఐసోలేటర్ అని చిన్న పెట్టె ఉంది. అందులోని డయోడ్లు సుమారు ఒక వోల్టు వరకు ఉండే చిల్లర వోల్టేజీని ఆపేస్తాయి, పెద్ద లోపం వచ్చినప్పుడు మాత్రం కరెంటును వదిలేస్తాయి. ఇంకా గట్టి ఉపాయం ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. గట్టుకూ పడవకూ మధ్య లోహపు బంధమే ఉండదు. ఖరీదు, బరువు రెండూ ఎక్కువే. ఏడాదంతా ప్లగ్గు పెట్టుకుని ఉండేవాళ్లకు మాత్రం అదే మేలని నా అభిప్రాయం.

ఇక ఆనోడ్లు. మన ఇంట్లో గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది చూడండి, ట్యాంకు బదులు తాను కరుగుతుంది. పడవకు వెల్డింగ్ చేసే దిమ్మెల పనీ అదే. ఈ ఉపాయం 1824లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్తది. బ్రిటిష్ నౌకాదళపు ఓడల అడుగున ఉన్న రాగి రేకులు సముద్రంలో తినేసుకుపోతుంటే, వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించమన్నాడు. రాగి కరగడం ఆగింది. కానీ కరిగే రాగి విషమే అంతకాలం నాచునూ గుల్లలనూ రానీయకుండా చేసిందని అప్పుడు తెలిసింది. ఓడల అడుగున అవి దట్టంగా పట్టి వేగం పడిపోయింది. నౌకాదళం ఆ ముక్కలు పీకించేసింది.

సముద్రంలో జింకు పనిచేస్తుంది. కాలువ మంచినీళ్లలో దాని బలం చాలదు, మెగ్నీషియం కావాలి. మామూలుగా ముందు ఒక జత, వెనక ఒక జత పెడతారు. వాటి రక్షణ కొన్ని అడుగుల దూరమే పోతుంది, నడుం భాగానికి అందదు. పడవంతా నల్లరంగు వేస్తూ ఆ ఊపులో ఆనోడ్ల మీద కూడా బ్రష్ తిప్పేసేవాళ్లున్నారు. రంగు పూసిన ఆనోడ్ ఉత్త దిమ్మె. నాలుగేళ్ల తర్వాత కూడా ఆనోడ్ కొత్తదానిలా మెరుస్తుంటే సంతోషించకూడదు, అది పనే చేయలేదేమోనని అనుమానించాలి.

ఆ నల్లరంగు వేయడాన్నే అక్కడ బ్లాకింగ్ అంటారు. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి, ప్రెషర్‌తో కడిగి తారు రంగు వేస్తారు. గ్రిట్ బ్లాస్టింగ్ చేసి (గరుకు రవ్వను జోరుగా చిమ్మి ఉక్కును గీకి) టూ-ప్యాక్ ఎపాక్సీ, అంటే రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి రంగు, వేస్తే ఎక్కువ కాలం వస్తుంది, కానీ కింద ఉక్కు తళతళలాడేలా శుభ్రం చేయకపోతే ఆ డబ్బు దండగ. రంగు కన్నా నాకు ముఖ్యమనిపించేది పడవ పైకి లేచిన ఆ రెండు మూడు రోజులు. సర్వేయర్ సుత్తితో కొట్టి వింటాడు, గుంటల లోతు కొలుస్తాడు, అల్ట్రాసోనిక్ మీటరు ఆనిస్తాడు. ధ్వని ఆరు మిల్లీమీటర్ల ఉక్కులోకి వెళ్లి రావడానికి పట్టేది సెకనులో పది లక్షల వంతులు రెండు. ఆ కాలాన్ని బట్టే మందం తెలుస్తుంది. కానీ మీటరు ఆనించిన చోటే అది చెప్పేది, పక్కన అంగుళం దూరంలో ఉన్న గుంట సంగతి దానికి తెలియదు. నాలుగేళ్లకోసారి తీసుకోవాల్సిన బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. అందులో గ్యాసు, కరెంటు, ఇంధనం చూస్తారు గానీ ఉక్కు మందం చూడరు.

ఇంతా చేసి, లోపలి నుంచి తుప్పు పట్టే పడవలూ తక్కువేం కాదు. స్నానాల గదిలో చిన్న లీకు, చలికాలంలో గోడల మీద పట్టే చెమ్మ, అన్నీ నేల పలకల కింద వెనక చివరకు చేరతాయి, ఎందుకంటే పడవ సాధారణంగా వెనక్కి కాస్త వాలి ఉంటుంది. పైగా బరువు కోసం అడుగున పరిచిన ఇటుకలు ఆ తడిని పట్టుకుని కూర్చుంటాయి. పడవ కొనబోయేవాళ్లు వంటగది చూసి మురిసే ముందు, మెట్ల దగ్గరి చివరి పలక లేపి చేయి పెట్టి చూడాలి. అక్కడ పలక లేవకుండా మేకులు కొట్టి ఉంటే, ఎందుకు కొట్టారో అమ్మే ఆయన్నే అడగాలి.