ఎలక్ట్రిక్ చోక్‌కి ఇంజిన్ వేడి తెలీదు

డిసెంబరులో బెంగళూరు తెల్లవారుజాము అంటే పదిహేను డిగ్రీలు. ఆ చలికి కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) ఉన్న బండిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, సిలిండర్లకు దారి అయిన మానిఫోల్డ్ గొట్టం గోడలకు చెమ్మలా పట్టేస్తుంది. సిలిండర్‌కి చేరే మిశ్రమం పల్చబడి అంటుకోదు. చోక్ ప్లేటు గాలికి అడ్డం పడితే పెట్రోలు పాలు పెరిగి ఇంజిన్ లేస్తుంది. అంబాసిడర్లో చోక్ చేత్తో లాగేవాళ్లం, ఎప్పుడు వదలాలో చెవి చెప్పేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లోనూ, వెబర్ 32/36 డీజీఈవీ కార్బురేటర్ వేయించుకున్న జీపుల్లోనూ ఆ పని కార్బురేటర్ పక్కనున్న గుండ్రటి మూతది. వెబర్ పేరులో ‘ఈ’ (డీజీఈవీ) ఉంటే ఎలక్ట్రిక్, ‘ఏ’ (డీజీఏవీ) ఉంటే ఇంజిన్ నీటితో వేడయ్యే రకం. బెంగళూరు స్పేర్ పార్టుల బజారు జేసీ రోడ్డులో కొనేటప్పుడు ఆ అక్షరం చూసుకోవాలి. మూత మీద 12 వోల్టులని ఉందో లేదో కూడా చూడాలి. పాత బీటిళ్లకు 6 వోల్టులవి వచ్చేవి.

మూత లోపల గడియారం స్ప్రింగులా చుట్టిన ద్విలోహ పట్టీ, దాని వెనక చిన్న హీటరు ఉంటాయి. కరెంటు వస్తే పట్టీ వేడెక్కి విచ్చుకుంటుంది, ప్లేటు మెల్లగా నిలువుగా లేస్తుంది. అంతే. ఇంజిన్ వేడెక్కిందా లేదా అన్నది దానికి దాదాపు పట్టదు. కరెంటు ఎంతసేపు వచ్చిందన్నదే దానికి తెలిసిన లెక్క. కాబట్టి వైరింగ్‌లో చూడాల్సింది ఒక్కటే: ఇంజిన్ తిరుగుతున్నప్పుడే, పూర్తి 12 వోల్టులు అందాలి.

బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే రాత్రంతా హీటరు కాలుతూనే ఉంటుంది. పొద్దున్నకి బ్యాటరీ దిగిపోతుంది, ప్లేటు తెరిచే ఉంటుంది. అందరికీ తోచే రెండో చోటు, ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు తయారుచేసే ఇగ్నిషన్ కాయిల్ ప్లస్. బీటిల్‌కి కంపెనీయే అక్కణ్ణుంచి ఇచ్చింది, ఎందుకంటే ఆ కాయిల్‌కి ముందు వోల్టేజీ తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టరు లేదు. రెసిస్టరున్న బండిలో అదే పని చేస్తే ఇంజిన్ నడుస్తుండగా చోక్‌కి ఏడెనిమిది వోల్టులే మిగులుతాయి. ప్లేటు సగంలో ఆగిపోతుంది. నల్లపొగ, మసిపట్టిన ప్లగ్గులు, ఆయిల్లో పెట్రోలు వాసన. జనం కార్బురేటర్లో పెట్రోలు కొలిచే జెట్లు మారుస్తూ కూర్చుంటారు గానీ తప్పు వైరుది.

తాళంతో వచ్చే ఫ్యూజు లైను పనిచేస్తుంది, కానీ తాళం తిప్పి రేడియో వింటూ కూర్చుంటే చల్లటి ఇంజిన్ మీద చోక్ తెరుచుకుంటుంది. మా ఓటు రిలేకే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చుకే. బ్యాటరీ ప్లస్ నుంచి, జానెడు దూరంలో 7.5 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే మీద 30 అని రాసిన పిన్నుకి. 87 నుంచి చోక్‌కి. 85 ఎర్త్. ఆల్టర్నేటర్లో ఛార్జింగ్ లైటు వైరు వచ్చే చిన్న టెర్మినల్ నుంచి 86కి. ఇంజిన్ తిరిగి ఛార్జింగ్ మొదలైతేనే అక్కడ పూర్తి వోల్టేజీ వస్తుంది. ఆ చిన్న టెర్మినల్ నుంచి చోక్‌కి నేరుగా మాత్రం ఇవ్వకండి. చల్లగా ఉన్న హీటరు మొదట రెండు మూడు ఆంపియర్లు లాగవచ్చు, అంత భారం దాని పని కాదు.

ఒకే టెర్మినల్ ఉన్న మూతకు కార్బురేటర్ బాడీయే ఎర్త్. కార్బురేటర్ కింద వేడి రాకుండా ఫైబర్ స్పేసర్, రెండు వైపులా గాస్కెట్లు ఉంటాయి. కరెంటుకి మిగిలిన దారి తుప్పుపట్టిన స్టడ్లూ, యాక్సిలరేటర్ కేబులూనే. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటరు ఒక కొన కార్బురేటర్ బాడీకి, రెండోది బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. 0.2 వోల్టు దాటితే కార్బురేటర్ స్క్రూ కింద లగ్గు వేసి విడిగా ఎర్త్ వైరు లాగాలి.

ఇక మూత తిప్పి అమర్చడం. రాత్రంతా చల్లారిన బండి, ఎయిర్ ఫిల్టరు తీసి ఉండాలి. యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదలాలి. తొక్కకపోతే, చల్లటి ఇంజిన్ వేగం పెంచి ఉంచే ఫాస్ట్ ఐడిల్ మెట్టు పట్టుకుని ప్లేటు మూసుకోదు. మూడు స్క్రూలూ వదులు చేసి, ప్లేటు మెత్తగా మూతపడేదాకా మూత తిప్పి, అక్కడే బిగించాలి. వేలితో నెడితే తేలిగ్గా తెరుచుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడి గాలి చెన్నై గాలి కంటే పల్చన, మిశ్రమం సహజంగానే కాస్త చిక్కన. కాబట్టి పుస్తకం చెప్పిన గుర్తు కంటే ఒక గీత తక్కువ బిగువు చాలు. స్టార్టయి వెంటనే పెట్రోలు ఎక్కువై ఆగిపోతుంటే మూతను అనుమానించకండి, ప్లేటును కొంచెం తెరిచే వాక్యూమ్ డయాఫ్రమ్ చిరిగిందేమో చూడండి.

భోజనానికి బండి ఆపి గంట తర్వాత తీస్తే ఒక నిమిషం నల్లపొగ రావచ్చు. పట్టీ చల్లారింది, ఇంజిన్ ఇంకా చల్లారలేదు. దాని కోసం మూత స్క్రూలు కదిలిస్తే మర్నాడు పొద్దున బండి లేవదు.